అమెరికాలో స్పానిష్ స్పోర్ట్స్ టీవీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. మా అపార్ట్‌మెంట్లో సగం మంది తెలుగువాళ్లు, మిగతా సగంలో ఎక్కువమంది మెక్సికో వాళ్లు. గోడ అవతల నుంచి "గోఓఓఓల్" అని అరుపు వినబడగానే ఇవతల నుంచి నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, అది ఏ ఛానెల్? మనకు వస్తుందా?" ప్రతి పెద్ద టోర్నమెంటుకీ అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరుసగా చదవాల్సిన పని లేదు.

## ఛానెల్ పెట్టకముందు వచ్చే సందేహాలు

ఇంగ్లిష్‌లో వస్తున్న మ్యాచ్‌నే స్పానిష్‌లో మళ్లీ వేయడం ఎందుకు? మన తెలుగు కామెంటరీ లాంటిదేనా?

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ కాదు. 2018 డిసెంబర్‌లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ వచ్చినప్పుడు హక్కులు కొన్నది ఒకే సంస్థ. బొమ్మ అదే, మాట మాత్రం తెలుగు. అమెరికాలో అలా కాదు. చాలా టోర్నమెంట్ల ఇంగ్లిష్ హక్కులు ఒకరికి, స్పానిష్ హక్కులు ఇంకొకరికి విడివిడిగా అమ్ముతారు. 2018, 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లు ఇంగ్లిష్‌లో ఫాక్స్‌లో వచ్చాయి, స్పానిష్‌లో టెలెముండోలో వచ్చాయి. 2024 కోపా అమెరికా (దక్షిణ అమెరికా జట్ల ఫుట్‌బాల్ టోర్నమెంటు) ఇంగ్లిష్‌లో ఫాక్స్‌ది, స్పానిష్‌లో యూనివిజన్‌ది. వీళ్లంతా ఒకరికొకరు పోటీదారులు. ఎవరి స్టూడియో వాళ్లది, రిపోర్టర్లు, వ్యాఖ్యాతలు, ప్రకటనలు కూడా ఎవరివి వాళ్లవే. అందుకే అది అనువాదంలా వినిపించదు. ఆ ఆట తమ ఇంట్లోది అన్నట్టు మాట్లాడతారు.

అసలు చూసేవాళ్లు ఎంతమంది ఉంటారు?

2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో హిస్పానిక్ జనాభా 6.21 కోట్లు, దేశ జనాభాలో 18.7 శాతం. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. అంటే మన రెండు రాష్ట్రాల జనంలో దాదాపు ముప్పావు వంతు మంది అక్కడున్నారు. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లే 4 కోట్లు దాటతారు. మొత్తంలో సుమారు 60 శాతం మందికి మెక్సికో మూలాలున్నాయి. స్పానిష్ ఛానెళ్లు మెక్సికో జట్టు చుట్టూ ఎందుకు తిరుగుతాయో ఈ ఒక్క అంకె చెబుతుంది.

హిస్పానిక్, లాటినో రెండూ ఒకటేనా?

రోజువారీ మాటల్లో ఒకటిగానే వాడేస్తారు. కచ్చితంగా చెప్పాలంటే హిస్పానిక్ అనేది స్పానిష్ భాషకు సంబంధించిన మాట, లాటినో అనేది లాటిన్ అమెరికాకు సంబంధించిన మాట. పోర్చుగీస్ మాట్లాడే బ్రెజిల్ మనిషి లాటినో అవుతాడు, హిస్పానిక్ కాడు. స్పెయిన్ మనిషి సంగతి దీనికి తిరగేసి. బ్రెజిల్ మిత్రుణ్ణి "మీ స్పానిష్ ఛానెల్" అని అడిగితే నొచ్చుకుంటాడు. నేను ఒకసారి అడిగి చూశాను.

ఇన్ని పేర్లు ఉన్నాయి, ఏది ఎవరిది?

రెండు పెద్ద ఇళ్లు ఉన్నాయనుకోండి. ఒకటి టెలెవీసాయూనివిజన్. మెక్సికోలోని టెలెవీసా టీవీ వ్యాపారం, అమెరికాలోని యూనివిజన్ 2022 జనవరిలో కలిసిపోయి ఏర్పడిన కంపెనీ ఇది. దీని కింద యూనివిజన్, యూనిమాస్, గాలావిజన్, స్పోర్ట్స్ ఛానెల్ టీయూడీఎన్, స్ట్రీమింగ్‌కి విక్స్ ఉన్నాయి. టీయూడీఎన్ అంతకుముందు యూనివిజన్ డెపోర్టెస్ పేరుతో 2012లో మొదలై, 2019 జూలైలో ఈ పేరు పెట్టుకుంది. స్పానిష్ వాళ్లు "తు దె ఎనె" అంటారు. "తు" అంటే "నీ". పేరులో ఆ చమత్కారం కావాలనే పెట్టారు.

రెండో ఇల్లు టెలెముండో. ఎన్‌బీసీ వాళ్ల సొంతం. దానికి చెల్లెలు ఉనివెర్సో, స్ట్రీమింగ్‌కి పీకాక్.

వీటి తర్వాత ఇంగ్లిష్ కంపెనీలు నడిపే స్పానిష్ స్పోర్ట్స్ ఛానెళ్లు: ఫాక్స్ డెపోర్టెస్, 2004 జనవరి నుంచి 24 గంటలూ నడుస్తున్న ఈఎస్‌పీఎన్ డెపోర్టెస్. 2012లో బీఇన్ స్పోర్ట్స్ వచ్చి స్పెయిన్ లీగ్‌ను కొన్నేళ్లు పట్టుకుంది. 2021 నుంచి ఆ లీగ్ ఈఎస్‌పీఎన్‌కి వెళ్లింది. "డెపోర్టెస్" అంటే స్పోర్ట్స్, అంతే.

ఇదంతా ఎప్పుడు మొదలైంది?

1955లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో రావుల్ కోర్తెజ్ అనే రేడియో వ్యాపారి ఒక టీవీ స్టేషన్ పెట్టాడు. ప్రధానంగా స్పానిష్‌లో నడిచిన మొదటి అమెరికా స్టేషన్ అదే. దాని చుట్టూ 1960లలో స్పానిష్ ఇంటర్నేషనల్ నెట్‌వర్క్ అల్లుకుంది. 1987లో అది యూనివిజన్ అని పేరు మార్చుకుంది.

ఆటల విషయానికొస్తే, 1970 మెక్సికో వరల్డ్ కప్‌ను అమెరికాలో చాలామంది హాలుకు వెళ్లి, టికెట్ కొని, క్లోజ్డ్ సర్క్యూట్ తెర మీద చూశారు. ఇంట్లో టీవీలో పెట్టుకునే వీలు లేదు మరి. ఆ జనం దాహాన్ని స్పానిష్ ఛానెళ్లు పసిగట్టాయి. ఇంగ్లిష్ నెట్‌వర్కులు ఫుట్‌బాల్‌ను వింత ఆటలా చూస్తున్న కాలంలో వీళ్లు మ్యాచ్ తర్వాత మ్యాచ్ వేశారు. 1980ల నుంచి 2014 దాకా ప్రతి వరల్డ్ కప్‌కీ స్పానిష్ ఇల్లు యూనివిజనే.

మరి వరల్డ్ కప్ యూనివిజన్ చేతి నుంచి ఎలా జారిపోయింది?

డబ్బు. 2011 అక్టోబర్‌లో ఫిఫా 2018, 2022 హక్కులు అమ్మింది. పత్రికల్లో వచ్చిన లెక్కల ప్రకారం టెలెముండో స్పానిష్ హక్కులకు దాదాపు 60 కోట్ల డాలర్లు పెట్టింది, ఫాక్స్ ఇంగ్లిష్ హక్కులకు 40 కోట్లకు పైగా పెట్టింది. మళ్లీ ఒకసారి చదవండి. ఇంగ్లిష్ దేశంలో స్పానిష్ హక్కులే ఎక్కువ ధర పలికాయి. స్పానిష్ ఛానెల్ అంటే ఏదో మూల ఉండే చిన్న ఛానెల్ అనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి సంగతి ఇదే.

2015లో ఫిఫా వేలం లేకుండానే 2026ను కూడా ఆ ఇద్దరికే ఇచ్చేసింది. ఖతర్ టోర్నమెంటును వేసవి నుంచి నవంబర్‌కి జరిపి అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మీద పడేసినందుకు ఇది సర్దుబాటు అని అప్పట్లో అందరూ అనుకున్నారు.

## ఏర్పాట్లు చేసుకునేటప్పుడు

కేబుల్ లేదు, నెలకి డబ్బు కట్టను. చూడొచ్చా?

చూడొచ్చు, శుభ్రంగా. యూనివిజన్, యూనిమాస్, టెలెముండో మూడూ గాలిలో ఉచితంగా వచ్చే ఛానెళ్లు. కిటికీకి ఒక చిన్న యాంటెన్నా తగిలించి టీవీలో ఛానెల్ స్కాన్ కొడితే చాలు. డల్లాస్‌లో యూనివిజన్ 23, టెలెముండో 39, యూనిమాస్ 49. మీ ఊళ్లో నంబర్లు వేరుగా ఉంటాయి. మా కజిన్ ఒకడు ఒక వరల్డ్ కప్ మొత్తం ఏవేవో ప్యాకేజీలకు డబ్బు పోసి, ఫైనల్ రోజు మా ఇంటికొచ్చి నా పాత యాంటెన్నా చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

టీయూడీఎన్, గాలావిజన్, ఉనివెర్సో, ఫాక్స్ డెపోర్టెస్, ఈఎస్‌పీఎన్ డెపోర్టెస్ మాత్రం గాలిలో రావు. వాటికి కేబుల్, శాటిలైట్ లేదా స్ట్రీమింగ్ ప్యాకేజీ ఉండాలి. విక్స్‌లో ప్రకటనలతో ఉచిత భాగం ఉంది, కానీ పెద్ద మ్యాచ్‌లు చాలావరకు డబ్బు కట్టే భాగంలో ఉంటాయి.

మెక్సికో లీగ్‌లో ఒకే టీమ్ ఈ వారం ఒక ఛానెల్‌లో, వచ్చే వారం ఇంకో ఛానెల్‌లో వస్తుందేంటి?

ఎందుకంటే అక్కడ హక్కులను లీగ్ మొత్తంగా అమ్మలేదు, క్లబ్బులు విడివిడిగా అమ్ముకుంటూ వచ్చాయి. మన ఐపీఎల్‌లో బోర్డు అంతా కలిపి అమ్ముతుంది కాబట్టి మనకు ఇది విడ్డూరంగా ఉంటుంది. లిగా ఎమెఎకిస్‌లో (మెక్సికో లీగ్ అసలు పేరు ఇదే) మ్యాచ్ ఎవరి మైదానంలో జరిగితే ఆ క్లబ్బు ఒప్పందం ఉన్న ఛానెల్‌లో వస్తుంది. అంటే మీ జట్టు ఏ ఛానెల్‌లో అని కాదు, ఈ వారం ఆతిథ్యం ఎవరిది అని చూడాలి.

దీని వెనక ఆస్తి సంబంధాలు కూడా ఉన్నాయి. మెక్సికో సిటీకి చెందిన క్లబ్ అమెరికా దశాబ్దాల పాటు టెలెవీసా సొంతం. ఇక ఆ క్లబ్ మ్యాచ్‌లు ఏ ఇంట్లో వస్తాయో చెప్పక్కర్లేదు. దాని బద్ధ శత్రువు గ్వాదలహారా చీవాస్ మ్యాచ్‌లు చాలాకాలం టెలెముండో వైపు కనిపించాయి. ఈ ఒప్పందాలు రెండు మూడేళ్లకోసారి మారిపోతుంటాయి కాబట్టి సీజన్ మొదట్లో ఒకసారి చూసుకోండి.

ఏడాదికి రెండు సీజన్లు ఉంటాయి: జూలై నుంచి డిసెంబర్ దాకా అపెర్తూరా, జనవరి నుంచి మే దాకా క్లౌసూరా. ప్రతిదాని చివరా లిగీయా అనే నాకౌట్ ఉంటుంది. ఒక్కో పోరు ఒకరి మైదానంలో ఒకటి, ఇంకొకరి మైదానంలో ఒకటి చొప్పున ఆడతారు. ఫైనల్ కూడా అంతే. అందుకే ఫైనల్ మొదటి సగం ఒక ఛానెల్‌లో, రెండో సగం ఇంకో ఛానెల్‌లో వచ్చే అవకాశం ఉంది. ఇదేం పద్ధతి అని అడక్కండి, మా మెక్సికో పొరుగువాళ్లే తిట్టుకుంటారు. తిట్టుకుంటూనే చూస్తారు. ఎంతగా చూస్తారంటే, అమెరికా టీవీలో ఏళ్ల తరబడి ఎక్కువమంది చూసిన ఫుట్‌బాల్ లీగ్ ఇంగ్లండ్‌ది కాదు, అమెరికాది కాదు, ఇదే.

నేను యాప్‌లో చూస్తుంటే పక్కింటివాళ్లు ముందే గోల్ అని అరుస్తున్నారు. నా నెట్ స్లోనా?

మీ నెట్ తప్పు కాదు. యాంటెన్నా సిగ్నల్ నేరుగా వస్తుంది. స్ట్రీమింగ్‌లో వీడియోను ముక్కలు చేసి, సర్వర్లు దాటించి, మీ యాప్‌లో కొంత నిల్వ చేసుకుని చూపిస్తారు. ఆ లోపు పదుల సెకన్లు గడిచిపోవచ్చు. పెనాల్టీ షూటౌట్ అప్పుడు ఈ తేడా ప్రాణం తీస్తుంది. పల్చటి గోడలున్న అపార్ట్‌మెంటైతే యాంటెన్నాయే శరణ్యం.

ఇంగ్లిష్ ఛానెల్‌లోనే ఆడియోను స్పానిష్‌కి మార్చుకునే బటన్ ఉంది కదా, అదీ ఇదీ ఒకటేనా?

ఆ బటన్ పేరు ఎస్‌ఏపీ, అంటే రెండో ఆడియో. 1984లో అమెరికాలో టీవీకి స్టీరియో వచ్చినప్పుడు దాంతోపాటే వచ్చిన సౌకర్యం ఇది. బొమ్మ, గ్రాఫిక్స్, ప్రకటనలు ఇంగ్లిష్‌వే, కామెంటరీ ఒక్కటే స్పానిష్. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు ఎక్కువగా వాడతారు. పూర్తి స్పానిష్ ఛానెల్‌లో ఉండే మ్యాచ్ ముందు ముచ్చట్లు, విరామంలో చర్చలు ఇందులో దొరకవు. 2023 నుంచి అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎంఎల్‌ఎస్‌ను చూపిస్తున్న ఆపిల్ మాత్రం ప్రతి మ్యాచ్‌కీ ఇంగ్లిష్, స్పానిష్ రెండు కామెంటరీలూ ఇస్తుంది.

ఇండియాలో ఉన్నాం. ఇవి ఇక్కడ పెట్టుకోవచ్చా?

లేదు. వాళ్లు కొన్నది అమెరికా భూభాగానికి మాత్రమే. యాప్ తెరిచినా మ్యాచ్ రాదు.

నిన్నటిదాకా వచ్చిన ఛానెల్ ఇవాళ ప్యాకేజీలో లేదు. ఏం జరిగింది?

ఛానెల్ వాడికీ, ప్యాకేజీ అమ్మేవాడికీ రేటు కుదరలేదని అర్థం. ఒప్పందం ముగిసిన రాత్రే ఛానెల్ తీసేస్తారు. సరిగ్గా పెద్ద మ్యాచ్ ముందు జరగడం యాదృచ్ఛికం కాదు, జనం ఫోన్లు చేసి గోల చేస్తే బేరం తెగుతుందని ఇద్దరి ఆశ. నాకు ఒకసారి సెమీఫైనల్ రోజు ఇలా అయింది. కస్టమర్ కేర్ అమ్మాయితో అరగంట మాట్లాడాక, నెలకు 5 డాలర్ల తగ్గింపు వచ్చింది, మ్యాచ్ రాలేదు. ఉచిత ఛానెల్ అయితే యాంటెన్నాలో మామూలుగానే వస్తూ ఉంటుంది, ముందు అది చూడండి.

## మ్యాచ్ నడుస్తుండగా

నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. చూసి ఏం లాభం?

పది మాటలు చాలు. టీరో దె ఎస్కీనా అంటే కార్నర్. ఫువెరా దె లుగార్ అంటే ఆఫ్‌సైడ్. ఆర్బిత్రో అంటే రిఫరీ. తర్హేతా అంటే కార్డు, అమరీయా పసుపు, రోహా ఎరుపు. ఎంపాతె అంటే డ్రా. కాంచా అంటే మైదానం. గోల్‌కీపర్‌ను మెక్సికోవాళ్లు పోర్తెరో అంటారు, అర్జెంటీనావాళ్లు ఆర్కెరో అంటారు. ఈ మాటను బట్టి వ్యాఖ్యాత ఏ వైపువాడో చాలావరకు పట్టేయొచ్చు.

ఉచ్చారణ మనకు తేలిక. స్పానిష్ మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి, రాసినట్టే పలుకుతారు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇంగ్లిష్ కామెంటరీ కంటే స్పానిష్ కామెంటరీయే ఎక్కువ అర్థమైందని చెప్పింది. ఏం అర్థమైందో నేను అడగలేదు, కానీ బంతి గోల్ దగ్గరికి వెళ్తుంటే గొంతు ఎలా పైకి లేస్తుందో అది ఆవిడకు తెలిసిపోయేది.

ఆ "గోఓఓఓల్" అరుపు ఎవరు మొదలుపెట్టారు?

పుట్టిల్లు బ్రెజిల్ రేడియో, 1940లు. బొమ్మ కనబడని రేడియోలో గోల్ పడిందని, జనం సంబరం ఇంకా సాగుతోందని తెలియజెప్పడానికి గొంతే ఆధారం. అక్కడి నుంచి లాటిన్ అమెరికా అంతటా పాకింది.

అమెరికా ఇళ్లలోకి తెచ్చింది ఆంద్రెస్ కాంతోర్. 1962లో బ్యూనస్ ఐరిస్‌లో పుట్టి, కుర్రతనంలో కాలిఫోర్నియాకు వచ్చి, 1987లో యూనివిజన్‌లో చేరాడు. 1990 వరల్డ్ కప్‌తో స్పానిష్ రానివాళ్లకు కూడా ఆ గొంతు తెలిసిపోయింది. 1994లో వరల్డ్ కప్ అమెరికాలోనే జరిగేసరికి ఇంగ్లిష్ టాక్ షోలవాళ్లు పిలిచి మరీ అరిపించుకున్నారు. 2000లో టెలెముండోకి మారాడు. 2022 ఫైనల్లో ఆఖరి పెనాల్టీ పడ్డాక "అర్జెంటీనా ప్రపంచ ఛాంపియన్" అంటూ గొంతు పూడుకుపోయి ఏడ్చేశాడు. ఆ వీడియో ఫోన్లలో తెగ తిరిగింది. పుట్టిన దేశం గెలిస్తే మైకు ముందు ఏడవచ్చా అని కొందరు అడిగారు. ముప్పై ఏళ్లు అందరి గోల్స్‌కీ ఊపిరి బిగబట్టి అరిచినవాడు ఒక్కసారి ఏడిస్తే నాకేం తప్పనిపించలేదు.

ఆట మధ్యలో యాడ్‌లు రావేంటి? వీళ్లకు డబ్బెలా?

ఫుట్‌బాల్‌లో ఓవర్ మారడం లాంటిది లేదు, 45 నిమిషాలు బంతి తిరుగుతూనే ఉంటుంది. 1990 వరల్డ్ కప్‌ను ఇంగ్లిష్‌లో చూపించిన టీఎన్‌టీ ఛానెల్ ఆట సాగుతుండగానే ప్రకటనలకు వెళ్లిపోయేది. దాంతో స్పానిష్ రాని అభిమానులు కూడా యూనివిజన్‌కి తిప్పేసుకున్నారు. భాష రాకపోయినా పర్వాలేదు, బంతి కనబడితే చాలు అన్నది వాళ్ల లెక్క.

స్పానిష్ ఛానెళ్లు వేరే దారులు పట్టాయి. స్కోరు పక్కన కంపెనీ గుర్తు పెడతారు, బొమ్మను కాస్త కుదించి అంచుల్లో ప్రకటన నడుపుతారు, "ఈ కార్నర్‌ను మీకు అందిస్తున్నవారు" అని వ్యాఖ్యాతే ఒక్క గుక్కలో చదివేస్తాడు. బీరు, కార్లు, ఫోన్ కంపెనీలు, స్వదేశానికి డబ్బు పంపే సర్వీసులు ఎక్కువ కనిపిస్తాయి. ఆ చివరిది చూసినప్పుడు మన వాళ్లకు నవ్వొస్తుంది. మన తెలుగు ఛానెళ్ల అమెరికా ప్రసారాల్లోనూ అదే ప్రకటన కదా.

అమెరికా, మెక్సికో ఆడుతుంటే వీళ్లు ఎవరి పక్షం?

దాచుకోరు. మెక్సికోను "ఎల్ త్రీ" అంటారు, జెండాలోని మూడు రంగుల మీద వచ్చిన ముద్దుపేరు. అమెరికాను తక్కువ చేయరు, కానీ గోల్ అరుపు పొడవును బట్టి మనసు తెలిసిపోతుంది. విచిత్రం ఏమిటంటే మెక్సికో జట్టు స్నేహపూర్వక మ్యాచ్‌లలో చాలావాటిని అమెరికా గడ్డ మీదే ఆడుతుంది. డల్లాస్, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్ స్టేడియాలు ఆకుపచ్చ జెర్సీలతో నిండిపోతాయి. హక్కులు, టికెట్లు రెండిట్లోనూ డాలర్లు ఇక్కడే ఉన్నాయి. అమెరికా జట్టుకు సొంతగడ్డ మీద పరాయి మైదానంలా అనిపించే రోజులవి.

"నో ఎరా పెనాల్" అని ఇప్పటికీ అంటుంటారు. అదేమిటి?

"అది పెనాల్టీ కాదు" అని అర్థం. 2014 జూన్ 29న బ్రెజిల్‌లో నెదర్లాండ్స్, మెక్సికో ఆడాయి. మెక్సికో 1-0తో ముందుంది. 88వ నిమిషంలో నెదర్లాండ్స్ సమం చేసింది. ఇంజురీ టైమ్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు రాబెన్ పడిపోయాడు, రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, 2-1తో మెక్సికో ఇంటికి పోయింది. ఆ మ్యాచ్‌ను యూనివిజన్‌లో కోటి మందికి పైగా చూశారు. స్పానిష్ టీవీ చరిత్రలోనే అంతవరకూ అది రికార్డు. ఇప్పుడు మా పొరుగాయన ఇంట్లో పిల్లవాడు పాలు ఒలకబోసి తిట్లు తిన్నా "నో ఎరా పెనాల్" అంటాడు.

గోల్ కిక్ అప్పుడు జనం ఒకే మాట గట్టిగా అరిచారు, రిఫరీ మ్యాచ్ ఆపేశాడు. ఎందుకు?

అది స్వలింగ సంపర్కులను కించపరిచే బూతు. మెక్సికో అభిమానుల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఫిఫా మెక్సికో సమాఖ్యకు ఎన్నోసార్లు జరిమానా వేసింది. ముందు ఆట ఆపడం, తర్వాత జట్లను లోపలికి పంపడం, చివరికి మ్యాచ్‌నే ముగించడం అనే మూడంచెల పద్ధతి పెట్టింది. 2023 జూన్‌లో లాస్ వేగస్‌లో అమెరికా 3-0తో ముందున్న సెమీఫైనల్‌ను రిఫరీ సమయం పూర్తికాకుండానే ముగించాడు. "అది బూతు కాదు, సరదా" అనే అభిమానులు ఇంకా ఉన్నారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసే నాకైతే ఆ సరదా అర్థం కాదు.

## ఫుట్‌బాల్ ఒక్కటేనా?

బేస్‌బాల్ ఎవరు వింటారు స్పానిష్‌లో?

క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, ప్యూర్టో రికో, వెనెజువెలా, నికరాగువా వాళ్లకు మొదటి ఆట అదే. అయితే దాని చరిత్ర టీవీ కంటే రేడియోలో ఎక్కువ ఉంది. 1958లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు స్పానిష్ ప్రసారం మొదలుపెట్టింది. నికరాగువాకు చెందిన రెనె కార్దెనాస్ మొదటి గొంతు. మరుసటి ఏడాది హైమె హరీన్ చేరాడు. ఈక్వడార్ నుంచి వచ్చిన ఆయనకు అప్పటికి ఆ ఆట కొత్త. మొదటి ఏళ్లలో బయటి ఊళ్ల మ్యాచ్‌లకు వీళ్లను పంపేవారు కాదు. స్టూడియోలో కూర్చుని ఇంగ్లిష్ ప్రసారం వింటూ, కళ్ల ముందు జరుగుతున్నట్టు స్పానిష్‌లో చెప్పేవారు. మన పాత ఆకాశవాణి రోజులు తెలిసినవాళ్లకు ఆ కష్టం అర్థమవుతుంది.

1981లో ఫెర్నాందో వాలెన్‌సువెలా అనే ఇరవై ఏళ్ల మెక్సికో కుర్రాడు డాడ్జర్స్ తరఫున బంతి విసిరి, ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు, సై యంగ్ (ఉత్తమ పిచ్చర్‌కి, అంటే బంతి విసిరేవాడికి ఇచ్చేది) అవార్డులు రెండూ కొట్టేశాడు. అతనికి ఇంగ్లిష్ రాదు. విలేకర్లకు అనువాదం చేసింది హరీనే. స్టేడియంలో మెక్సికో జనం పెరిగింది, స్పానిష్ ప్రసారం విలువ అప్పుడు అందరికీ తెలిసింది. హరీన్ 2022 దాకా, 64 సీజన్లు చెప్పి రిటైరయ్యాడు.

ఒక సరదా: హోమ్ రన్‌ను స్పానిష్‌లో "హోన్‌రోన్" అంటారు. రోడ్‌ను మనం రోడ్డు చేసుకున్నట్టే.

అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ కూడా స్పానిష్‌లో వస్తుందా?

వస్తుంది. 2014లో ఫాక్స్ డెపోర్టెస్ వేసింది. 2022లో టెలెముండో వేసింది, గాలిలో ఉచితంగా వచ్చే స్పానిష్ ఛానెల్‌లో అదే తొలిసారి. 2024లో యూనివిజన్ వంతు. జట్టు దాడిని నడిపించే ఆటగాడు క్వార్టర్‌బ్యాక్‌ను వీళ్లు "మరిస్కాల్ దె కాంపో" అంటారు, అంటే యుద్ధభూమిలో సేనాపతి. ఇంగ్లిష్ పేరు కంటే ఇదే బాగుందని నా అభిప్రాయం. ఈఎస్‌పీఎన్ డెపోర్టెస్‌లో ఏళ్లపాటు విశ్లేషణ చెప్పిన రావుల్ అయేగ్రె మెక్సికోలో పుట్టి, న్యూయార్క్ జెయింట్స్‌కి కిక్కర్‌గా ఆడి సూపర్ బౌల్ గెలిచినవాడు.

బాక్సింగ్, ఒలింపిక్స్?

బాక్సింగ్ ఈ ఛానెళ్లకు పాత బంధువు. టెలెముండోలో శుక్రవారం రాత్రుల బాక్సింగ్ 1980ల చివర్లో మొదలైంది. ఎన్‌బీసీ చేతిలోకి వచ్చాక టెలెముండో 2004 ఏథెన్స్ నుంచి ఒలింపిక్స్‌ను చూపిస్తోంది.

## కొంతకాలం చూశాక అడిగేవి

ఇక్కడే పుట్టిన పిల్లలు ఇంగ్లిష్ మాట్లాడతారు. ఈ ఛానెళ్లు ఎన్నాళ్లు ఉంటాయి?

కంపెనీలకు కూడా ఇదే టెన్షన్. ప్యూ సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం అమెరికా లాటినోల్లో 75 శాతం మంది స్పానిష్‌లో బాగానే మాట్లాడగలరు, కానీ మూడో తరానికి వచ్చేసరికి అది మూడో వంతుకు పడిపోతుంది. సీరియల్స్‌ను నెట్‌ఫ్లిక్స్ తినేస్తోంది. నిలబడింది లైవ్ ఆట. ఎందుకంటే అది ఒక్కరు చూసేది కాదు, తాత, తండ్రి, మనవడు ఒకే సోఫాలో చూసేది. తాతకు నచ్చిన భాషే అక్కడ చెల్లుతుంది. ఇంగ్లిష్‌లో చదువుకునే కుర్రాళ్లు కూడా "ఫుట్‌బాల్ మాత్రం స్పానిష్‌లోనే" అనడం నేను విన్నాను.

అయితే హక్కులు టీవీ నుంచి కదులుతున్నాయి. 2027, 2031 మహిళల వరల్డ్ కప్‌ల అమెరికా హక్కులను నెట్‌ఫ్లిక్స్ రెండు భాషలకూ కలిపి కొనేసింది. ఇలాంటివి పెరిగితే స్పానిష్‌కి విడి కొనుగోలుదారు, విడి స్టూడియో, విడి జీతగాళ్లు ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. నేను భయపడేది పిల్లల ఇంగ్లిష్ గురించి కాదు, దీని గురించే.

ఎంతమంది చూశారని ఎలా లెక్కపెడతారు? హోటల్‌లో గుంపుగా చూసేవాళ్ల మాటేమిటి?

నీల్సన్ అనే సంస్థ కొన్ని ఇళ్లను ఎంచుకుని, అక్కడి టీవీలను కొలిచి దేశమంతటికీ లెక్క కడుతుంది. హిస్పానిక్ ఇళ్లను ఇంట్లో మాట్లాడే భాషను బట్టి స్పానిష్ మాత్రమే, ఎక్కువగా స్పానిష్, రెండూ సమానం, ఎక్కువగా ఇంగ్లిష్, ఇంగ్లిష్ మాత్రమే అని ఐదు రకాలుగా విడదీస్తుంది. రెస్టారెంట్లు, బార్లలో చూసేవాళ్లు జాతీయ లెక్కల్లోకి వచ్చింది 2020 నుంచే. అంతకుముందు టాకో దుకాణంలో ఒకే టీవీ ముందు నిలబడి చూసిన నలభై మంది లెక్కలో సున్నా.

ఆడవాళ్లను అలంకారానికి కూర్చోబెడతారని విమర్శ ఉంది. నిజమేనా?

పాత ఆదివారం షోల విషయంలో నిజమే, చూడలేక ఛానెల్ మార్చేసిన రోజులున్నాయి. ఇప్పుడు మార్పు ఉంది. 2018 వరల్డ్ కప్‌లో టెలెముండో అర్జెంటీనాకు చెందిన వివియానా విలాను మగవాళ్ల మ్యాచ్‌లకు విశ్లేషకురాలిగా కూర్చోబెట్టింది. మైదానం పక్కన రిపోర్టర్లుగా చాలామంది ఉన్నారు. ప్రధాన వ్యాఖ్యాత కుర్చీ మాత్రం ఇంకా ఎక్కువగా మగవాళ్లదే.

అమెరికాలో మన తెలుగులో కూడా ఇలా విడిగా ఛానెల్ వస్తుందా?

దగ్గర్లో కనబడటం లేదు. అమెరికాలో క్రికెట్ హక్కులను ఎక్కువగా విల్లో లాంటి ఛానెళ్లు భాషలవారీగా కాకుండా మొత్తంగా కొంటాయి. తెలుగు హక్కులు విడిగా అమ్మకానికి పెట్టాలంటే కొనేవాడికి ప్రకటనలు రావాలి, ప్రకటనలు రావాలంటే మనల్ని విడిగా లెక్కపెట్టేవాళ్లుండాలి. 2023లో మొదలైన మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు మాకు దగ్గర్లోని గ్రాండ్ ప్రెయరీలో జరుగుతాయి. గ్యాలరీలో వినబడేది సగానికి సగం తెలుగే, మైకులో మాత్రం ఇంగ్లిష్. ప్రస్తుతానికి నా పక్క సీటు మిత్రుడే మా వరుసకి తెలుగు వ్యాఖ్యాత. సిక్స్ పడితే కాంతోర్ లాగా ఊపిరి పట్టి అరుస్తాడు, నాలుగో సెకనుకి దగ్గొస్తుంది.